1971 నాటి 30 అడుగుల ఫైబర్ తెరచాప పడవ: అన్నయ్య మురిపెం సరే, నడక సంగతేమిటి?

బోయిన్‌పల్లి_తెరచాప

మా అన్నయ్య మేరీలాండ్‌లో ఉద్యోగ విరమణ చేసి ఆరు నెలలైంది. చెసపీక్ ఖాతం ఒడ్డున ఒక యార్డులో 1971 నాటి ఆల్బర్గ్ 30 పడవ అమ్మకానికి ఉందని, సగం డబ్బు నేను పెడితే ఏటా మూడు నెలలు ఇద్దరం దానిమీద తిరగవచ్చునని, రెండో ఏడాది బహామాస్ దాకా వెళ్లవచ్చునని వారం రోజులుగా నా ప్రాణం తోడేస్తున్నాడు. నేను హుసేన్‌సాగర్‌లో ఆరేళ్లుగా లేజర్ అనే ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ నడుపుతున్నాను కానీ, కీల్ (అడుగున వేలాడే బరువైన పలక) ఉన్న పడవమీద నా అనుభవమంతా ముంబయిలో గడిపిన రెండు రోజులే.

అన్నయ్య పంపిన కొలతల ప్రకారం మొత్తం పొడవు 30 అడుగుల 3 అంగుళాలు, నీటిరేఖ దగ్గర పొడవు 21 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు, మునిగే లోతు 4 అడుగుల 3 అంగుళాలు. బరువు 9,000 పౌండ్లు, అందులో కీల్ లోపలి ఇనుప దిమ్మ 3,300 పౌండ్లు. తెరచాపల వైశాల్యం 410 చదరపు అడుగులు.

30 అడుగుల పడవకు డబ్బు కడుతుంటే నీటిలో ఆనేది 22 అడుగులు కూడా లేదన్నదే నా ఫిర్యాదు. ముందూ వెనకా కలిపి ఎనిమిదిన్నర అడుగులు ఊరికే గాలిలో వేలాడుతోంది. అన్నయ్యను అడిగితే "పాతకాలపు పడవరా, రాయిలా ఉంటుంది" అంటాడు. రాయి నీటిలో ఏం చేస్తుందో నేను గుర్తు చేయలేదు. ఇలాంటి పడవను దేన్ని చూసి బేరీజు వేయాలో తెలిసినవారు చెప్పండి.

మాదాపూర్_లెక్కలు

మీరిచ్చిన అంకెలతోనే మొదలుపెడతాను. నీటిని తోసుకుంటూ వెళ్లే బరువైన పడవ తన నీటిరేఖ అంత పొడవున్న అలను తానే పుట్టించి, ఆ అల గుంటలో తానే చిక్కుకుంటుంది కాబట్టి, నీటిరేఖ పొడవును అడుగుల్లో తీసుకొని దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.). మీ పడవకు అది 6.2 నాట్లు. ఈనాటి 30 అడుగుల పడవకు నీటిరేఖ 27 అడుగులు ఉందనుకుంటే దాదాపు 7 నాట్లు వస్తుంది.

బరువును నీటిరేఖ పొడవు ఘనంతో పోల్చే నిష్పత్తి 395 వచ్చింది. ఇది 200 లోపుంటే తేలిక పడవ, 300 దాటితే బరువు పడవ అంటారు. తెరచాపకూ బరువుకూ ఉన్న నిష్పత్తి 15.2, అంటే సంసారపక్షం. తలకిందులయ్యే ప్రమాదాన్ని సూచించే అంకె 2 కంటే తక్కువ ఉండాలంటారు, మీకు 1.68 వచ్చింది. దిమ్మ బరువు మొత్తంలో సుమారు 37 శాతం.

చిన్నలంగరు

క్లుప్తంగా చెప్పాలంటే మీ అన్నయ్య నీటిమీద నడిచే అంబాసిడర్ కారు కొంటున్నారు.

తార్నాక_తాతయ్య

అంబాసిడర్ అని నవ్వినవారు గతుకుల రోడ్డులో దాని వెనక సీటులో కూర్చుని ఉండరు.

గాలిలో వేలాడే ఆ ఎనిమిదిన్నర అడుగులు ఊరికే లేవు. ఆ కాలంలో అమెరికాలో పందేలకు వాడిన క్రూజింగ్ క్లబ్ కొలత నియమం నీటిరేఖ పొడవును పట్టి జరిమానా వేసేది. అందుకని రూపకర్తలు పడవ నిటారుగా ఉన్నప్పుడు నీటిరేఖ పొట్టిగా కనిపించేటట్టు, ఒరిగినప్పుడు ముందు వెనక భాగాలు నీటిలోకి దిగి పొడవు పెరిగేటట్టు గీసేవారు. కాబట్టి లెక్కలు గారి 6.2ను నిటారుగా నిలబెట్టి కొలిచిన అంకెగానే తీసుకోండి. ఈ పడవను గీసిన కార్ల్ ఆల్బర్గ్ స్వీడన్‌లో పుట్టినవాడు, అక్కడి ఫోక్‌బోట్ అనే చిన్న తెరచాప పడవ పోలికలు ఆయన గీతల్లో కనిపిస్తాయి. ఈ ఆల్బర్గ్ 30ను కెనడాలోని విట్బీ బోట్ వర్క్స్ 1962 నుంచి 1987 వరకు 750కి పైగా కట్టింది. పాతికేళ్లపాటు గీత పెద్దగా మార్చకుండా అమ్ముడుపోయిందంటే, అంత బరువుకూ ఇరుకుకూ బదులుగా ఏదో ఇచ్చిందనే కదా.

బోయిన్‌పల్లి_తెరచాప

తాతయ్య గారూ, ఇక్కడే నాకు మింగుడుపడటం లేదు. లేజర్‌లో మొదటి రోజు నేర్పిన పాఠమే పడవను నిటారుగా ఉంచమని. ఒరిగితే వేగం పోతుంది. ఇక్కడేమో ఒరిగితే వేగం పెరుగుతుందంటున్నారు.

తార్నాక_తాతయ్య

లేజర్ హల్ (పడవ ఒట్టి దేహం) బరువు 59 కిలోలు, మీ బరువు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అక్కడ మీరే దిమ్మ, మీరు అంచుమీద వాలినంతసేపే అది నిలబడుతుంది. ఆల్బర్గ్‌లో సుమారు 1,500 కిలోల ఇనుము అడుగున కూర్చుని ఉంటుంది. పడవ నిటారుగా ఉన్నప్పుడు ఆ ఇనుముకు పనిలేదు, ఒరిగేకొద్దీ అది పక్కకు జరిగి తిరిగి లాగడం మొదలుపెడుతుంది. పైగా హల్ సన్నది కాబట్టి తొలి గాలికే 15, 20 డిగ్రీలు సులువుగా ఒరిగి, ఆ తర్వాత గోడకు ఆనుకున్నట్టు ఆగిపోతుంది. కొత్తవారు ఆ మొదటి ఒరుగుకే హడలిపోతారు. వెడల్పాటి ఈనాటి పడవ మొదట్లో బల్లలా కదలకుండా ఉండి, ఒక హద్దు దాటాక తిరగబడుతుంది. ఆ హద్దు ఎప్పుడొస్తుందో అనుభవం లేనివాడికి తెలియదు.

లేజర్_సాగర్

తాతయ్య గారంటే నాకు గౌరవమే కానీ, ఒరిగితే పొడవు పెరుగుతుందన్న మాటను ఈ పాత పడవల అభిమానులు తాహతుకు మించి సాగదీస్తారు. పెరుగుతుంది, కాదనను. కానీ 22 అడుగుల నీటిరేఖ ఒరిగినంత మాత్రాన 30 అడుగులు కాదు, పెరిగిన ఆ కాస్త కూడా గాలి గట్టిగా ఉన్నప్పుడే దక్కుతుంది.

అసలు సమస్య గాలి లేనప్పుడు. జూలై, ఆగస్టుల్లో మన హుసేన్‌సాగర్‌లో రుతుపవనాల గాలి దుమ్ము రేపుతుంది కాబట్టి మనకు వేసవి గాలి బాధ తెలియదు. చెసపీక్‌లో సరిగ్గా ఆ నెలల్లోనే గాలి చచ్చుబడి ఉంటుంది. అప్పుడు పడవను ఆపేది అల కాదు, నీటితో రాపిడి. ముందునుంచి చుక్కాని దాకా సాగిన పూర్తి కీల్ అంటే తడిసే పైభాగం చాలా ఎక్కువ. పైన 15.2 నిష్పత్తి తెరచాప, కింద అంత రాపిడి. మీరు వెళ్లే మూడు నెలలూ వేసవి అయితే ఇంజన్ చప్పుడు వింటూ గడిపేస్తారు.

తార్నాక_తాతయ్య

ఈ మాట ఒప్పుకుంటాను. ముందు కట్టే పెద్ద తెరచాప, జెనోవా అంటారు, ఒకటి ఉంటే కొంత నయం, అంతే.

చిన్నలంగరు

తాతయ్య గారు ఒప్పుకున్న తేదీని ఎవరైనా రాసి పెట్టుకోండి.

జీడిమెట్ల_ఫైబర్

నేను పడవ ఎక్కినవాడిని కాను, ఇరవై ఏళ్లుగా ఫైబర్ ట్యాంకులు, కవర్లు పోసే పనిలో ఉన్నాను. మీరంతా గీతల గురించి మాట్లాడుతున్నారు. యాభై ఏళ్లు దాటిన సరుకులో గీతకన్నా ముందు చూడవలసింది సరుకునే.

పాత పడవలను ఫైబర్ బలం తెలియక చెక్క మందాన పోశారని, అందుకే అవి రాళ్లని అందరూ చెబుతారు. ఇది సగం కథ. పాలియెస్టర్ రెసిన్ పెట్రోలియం నుంచి వచ్చేదే కాబట్టి 1973లో చమురు ధరలు పెరిగేదాకా దాన్ని ధారాళంగా పోశారు. మందం పెరిగింది నిజమే కానీ బలం ఇచ్చేది గాజు నార, రెసిన్ కాదు. చేత్తో పోసిన మ్యాట్‌లో గాజు బరువు మూడో వంతుకు మించడం కష్టం, మిగిలిందంతా రెసినే. అయినా అంత మందం ఉంటే హల్ గురించి నేను పెద్దగా భయపడను. అడుగున బొబ్బలు కనిపిస్తే కంగారు పడకండి. నీరు పై పూతలోంచి మెల్లగా ఇంకి, లోపల కరిగే పదార్థంతో కలిసి ఒత్తిడి పెంచడం వల్ల అవి వస్తాయి. లోతుకు పోనంతవరకు అది చర్మవ్యాధే, ఎముక వ్యాధి కాదు.

ఎముక వ్యాధి డెక్కులో ఉంటుంది. పైన ఒక పలుచని ఫైబర్ పొర, కింద ఒకటి, మధ్యలో తేలికైన సరుకు. ఈ పడవ గురించి నిన్న రాత్రి కూర్చుని చదివాను. తొలినాటి వాటిలో మధ్యన మేసొనైట్ (చెక్కపీచు అట్ట) పెట్టారు, తర్వాతివాటిలో బాల్సా చెక్క. డెక్కుమీది ప్రతి బోల్టూ ఆ చెక్కను తొలుచుకుంటూ పోతుంది. బోల్టు చుట్టూ పూసిన సీలెంటు పదిహేను, ఇరవై ఏళ్లకు ఎండిపోతుంది, నీరు దిగుతుంది, చెక్క లోపలే కుళ్లిపోతుంది, పైకి మాత్రం పెళ్లికూతురులా మెరుస్తుంది. ప్లాస్టిక్ సుత్తితో జానెడుకొక చోట తట్టమనండి. ఖణేల్‌మంటే మంచిది, డొల్లగా, మెత్తగా పలికితే లోపల ఏమీ మిగల్లేదు.

ఉప్పాడ_టు_కూకట్‌పల్లి

జీడిమెట్ల గారు చెప్పినది మా ఇంట్లో జరిగింది. మా నాన్న ఉప్పాడలో ఫైబర్ పడవమీద వేటకు వెళ్లేవారు. వెనక ఇంజన్ బిగించే పలక లోపల చెక్క ఉండి పైన ఫైబర్ పోసి ఉండేది. ఒక ఏడాది ఇంజన్ వణుకు ఎక్కువైందని మెకానిక్‌ను పిలిస్తే అతను ఇంజన్‌కు రెండుసార్లు వైద్యం చేశాడు. మూడోసారి మా బాబాయి బోల్టు ఒకటి ఊడదీసి చూస్తే కన్నంలోంచి నల్లటి నీళ్లూ, తడిసిన పొగాకులాంటి చెక్కా వచ్చాయి. బయటినుంచి చూస్తే ఒక్క పగులు లేదు. ఆ రోజునుంచి మా నాన్న ఎవరి ఫైబర్ పడవ చూసినా ముందు వేలి కణుపుతో తట్టేవారు, తర్వాతే పలకరించేవారు.

బోయిన్‌పల్లి_తెరచాప

జీడిమెట్ల గారి మాట అన్నయ్యకు చేరవేశాను, ఆదివారం వెళ్లి సుత్తితో తట్టాడు. ముందు భాగమంతా బాగానే పలికింది కానీ మాస్టు (తెరచాప స్తంభం) పాదం చుట్టూ రెండు జానల మేర డొల్లగా వినిపించిందట. ఇంకో సంగతి కూడా చెప్పాడు. లోపల మరుగుదొడ్డి తలుపు చట్రంలో బిగుసుకుపోయి పడటం లేదట. తలుపు కాస్త చిత్రిక పడితే సరిపోతుందని అమ్మేవారు చెప్పారు.

ఆ రోజు పది, పదిహేను నాట్ల గాలిలో గంటన్నర నడిపి చూశాడు. గీత గీసినట్టు తిన్నగా వెళ్లిందని సంతోషం. గాలి పెరిగేసరికి మాత్రం టిల్లర్‌ను (చుక్కాని తిప్పే కర్రను) రెండు చేతులతో లాగి పట్టుకోవలసి వచ్చి భుజాలు పట్టేశాయట.

జీడిమెట్ల_ఫైబర్

ఆ తలుపును చిత్రిక పట్టనివ్వకండి. మీ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

ఈ పడవలో మాస్టు కీల్ దాకా దిగదు, డెక్కుమీదే నిలబడి ఉంటుంది. దాని బరువునూ, నాలుగు వైపులా బిగించిన ఉక్కు తీగల ఒత్తిడినీ మోసేది డెక్కు కింద అడ్డంగా ఉన్న ఒక దూలం. ఏళ్ల తరబడి ఒత్తిడికి, పైనుంచి దిగిన నీటికి ఆ దూలం వంగితే డెక్కు కిందికి కుంగుతుంది, దాని కిందున్న తలుపు చట్రం నలుగుతుంది, తలుపు పట్టేస్తుంది. ఆల్బర్గ్ 30లకు ఇది పేరుమోసిన జబ్బు. మాస్టు పాదం దగ్గర డొల్ల, కింద బిగుసుకున్న తలుపు, ఈ రెండూ కలిస్తే అనుమానం బలపడుతుంది. డెక్కుమీద అడ్డంగా ఒక తిన్నని బద్ద పెట్టి మధ్యలో ఎంత సందు ఉందో కొలవమనండి.

లేజర్_సాగర్

భుజాల నొప్పి గురించి నేను చెబుతాను. పడవ గాలికి ఎదురు తిరగాలని మొండికేయడం ఈ గీతలో పుట్టిన గుణమే. పొడవాటి బూమ్ (తెరచాప అడుగు కర్ర), దానిమీద పెద్ద మెయిన్ తెరచాప, వెనక బలం ఎక్కువ. ఒరిగిన హల్ రెండు వైపులా సమానంగా ఉండదు కాబట్టి తనంతట తాను గాలివైపు తిరుగుతుంది. చుక్కాని కీల్ వెనక అంచుకే కీలుమీద వేలాడుతోంది. ఈనాటి చుక్కానిలో ఇరుసుకు ముందు కూడా కొంత పలక ఉండి చేతికి సాయం చేస్తుంది, ఇక్కడ ఆ సాయం లేదు.

మందు సులువే. పదిహేను నాట్లు దాటగానే ముందు తెరచాప జోలికి పోకుండా మెయిన్‌ను ఒక రీఫ్, అంటే ఒక మడత, కుదించాలి. మరొకటి, తెరచాపలు ఎన్నేళ్లవో అడగండి. సాగిపోయిన పాత గుడ్డ సంచిలా ఉబ్బి, ఆ ఉబ్బు వెనక్కి జరిగి మొండితనాన్ని రెట్టింపు చేస్తుంది. తెరచాప తప్పును గీతమీదికి నెట్టకండి.

మాదాపూర్_లెక్కలు

నేను మొదట ఇచ్చిన ఒక అంకెను నేనే కాస్త తగ్గించి చెప్పాలి. తలకిందులయ్యే ప్రమాదపు అంకె 1.68 అన్నాను. అది 1979లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన ఫాస్ట్‌నెట్ సముద్ర పందెం తర్వాత జరిగిన పరిశీలనల నుంచి వచ్చింది. ఆ పందెంలో 303 పడవలు బయలుదేరాయి, తుఫానులో 15 మంది పోటీదారులు చనిపోయారు. సూత్రంలో ఉన్నవి వెడల్పూ బరువూ, రెండే. బరువు ఎక్కడ ఉందో దానికి తెలియదు. మాస్టు కొనకు 500 కిలోల ఇనుము కట్టినా పడవ బరువు పెరిగిందని ఈ అంకె ఇంకా మెరుగుపడుతుంది. దాన్ని చూసి ధైర్యంగా నిద్రపోకండి.

తార్నాక_తాతయ్య

ఆ ఫాస్ట్‌నెట్‌లోనే అతి చిన్న తరగతి పడవల్లో గమ్యం చేరింది ఒక్కటే, అసెంట్ అనే కాంటెస్సా 32. అదీ సన్నని, బరువైన పాతకాలపు గీతే.

లేజర్_సాగర్

తాతయ్య గారూ, కాంటెస్సా 32 పూర్తి కీల్ పడవ కాదు. దానిది ఫిన్ కీల్, అంటే చేప రెక్కలాంటి పొట్టి కీల్, వెనక విడిగా స్కెగ్ అనే చిన్న పలకకు తగిలించిన చుక్కాని. దిమ్మ 47 శాతం, మీ ఆల్బర్గ్‌లో 37. కాపాడింది సన్నని వెడల్పూ, కిందున్న బరువూ అనండి, కాదనను. పూర్తి కీల్ కాపాడిందంటే మాత్రం ఆ పడవే మీకు ఎదురు సాక్షి.

తార్నాక_తాతయ్య

నేను సన్నని, బరువైన గీత అనే అన్నాను, కీల్ మాట ఎత్తలేదు. అయినా మీరు ఎదురు సాక్షిని తెచ్చారు కాబట్టి నా సాక్షిని కూడా వినండి. కెనడాకు చెందిన ఈవ్ జెలినా 1980ల తొలి ఏళ్లలో జాఁ-దు-సుద్ అనే ఆల్బర్గ్ 30లోనే ఒంటరిగా దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ మీదుగా ప్రపంచం చుట్టాడు. దారిలో పసిఫిక్‌లో పడవ బోల్తాకొట్టి మాస్టు విరిగింది, దాన్ని బాగుచేసుకొని ప్రయాణం ముగించాడు. హల్ నిలిచింది, మాస్టు నిలవలేదు. బోయిన్‌పల్లి గారు ఆందోళన పడవలసిన చోటు కూడా సరిగ్గా అదే.

చిన్నలంగరు

మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ ఒంటరిగా ప్రపంచం చుట్టే 2022 గోల్డెన్ గ్లోబ్ పందెంలో రెండో స్థానంలో వచ్చింది కూడా పాత ఫైబర్ పడవలోనే కదా. ఆ పందెంలో 1988కి ముందు గీసిన, చుక్కాని కీల్‌కే అంటిన పడవలనే అనుమతిస్తారు.

తార్నాక_తాతయ్య

ఆయనది రస్లర్ 36. జాతి ఒకటే కానీ బరువు దీనికి దాదాపు రెట్టింపు. మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి సహచరులతో ప్రపంచం చుట్టివచ్చిన నౌకాదళ పడవ తారిణి 55 అడుగులది. అవేవీ మీ బేరానికి కొలబద్దలు కావు. చెసపీక్ నుంచి బహామాస్ వెళ్లేవాడికి కేప్ హార్న్ తట్టుకునే హల్ కన్నా 4 అడుగుల 3 అంగుళాల లోతే ఎక్కువ పనికొస్తుంది. అక్కడ మైళ్లకొద్దీ నీరు నిలువెత్తు కూడా ఉండదు.

లేజర్_సాగర్

ఆ లోతు విషయంలో తాతయ్య గారితో ఏకీభవిస్తున్నాను. నేల తగిలినా పూర్తి కీల్ జారి పైకి లేస్తుంది, చుక్కానికి దెబ్బ తగలదు. ఒక్క జాగ్రత్త. దిమ్మ ఫైబర్ లోపల మూసి ఉంది కాబట్టి కీల్ బోల్టుల భయం లేదు, కానీ ఎప్పుడైనా రాయి తగిలి అడుగు పగిలి ఉంటే నీరు ఇనుముకు చేరి, తుప్పు ఉబ్బి ఫైబర్‌ను లోపలినుంచి చీలుస్తుంది. కీల్ అడుగున తుప్పు రంగు కారుతోందేమో చూడమనండి.

రేవులో వెనక్కి నడపడం గురించి కూడా తెలిసి ఉండండి. ప్రొపెల్లర్ కీల్ సందులో ఉంటుంది, రివర్స్ గేరులో చుక్కాని మాట వినదు. బేగంబజార్ సందులోంచి లారీని వెనక్కి తీసినట్టు ఉంటుంది.

ఉప్పాడ_టు_కూకట్‌పల్లి

ఇంజన్ ఏమిటో ఎవరూ అడగలేదు.

బోయిన్‌పల్లి_తెరచాప

మొదటి నాటి అటామిక్ 4 పెట్రోల్ ఇంజనే ఉందట, తిరుగుతోంది. ఉక్కు తీగలు ఎప్పుడు మార్చారో అమ్మేవారికి తెలియదు.

ఉప్పాడ_టు_కూకట్‌పల్లి

పడవ కడుపులో పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. ఇంజన్ తిప్పేముందు ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, బ్లోయర్, కొన్ని నిమిషాలు నడపడం మీ అన్నయ్యకు అలవాటు కావాలి. డీజిల్‌కు మార్చే ఖర్చు అడిగి చూడండి, పడవ ధరను మించినా ఆశ్చర్యపోకండి.

జీడిమెట్ల_ఫైబర్

తీగలు ఎప్పుడు మార్చారో తెలియదంటే మార్చలేదనే లెక్క. పది, పదిహేనేళ్లకు మించి వాటిని నమ్మరు. తీగలను హల్‌కు పట్టి ఉంచే ఉక్కు పలకలు డెక్కులోంచి దిగేచోట, గాలి ఆడని తడిలో స్టెయిన్‌లెస్ కూడా లోపలే పగులుతుంది. వాటిని ఊడదీసి చూడాల్సిందే.

బోయిన్‌పల్లి_తెరచాప

ఇక్కడి మాటలన్నీ రెండు రాత్రులు ఫోనులో చదివి వినిపించాను. గీత మీద నా ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నాను. ఆరు నాట్లకూ ఏడు నాట్లకూ తేడా రోజంతా లెక్కేసినా మాకు ఒక భోజనం ఆలస్యం, అంతే. గాలి లేని జూలైలో కాకుండా సెప్టెంబరులో వెళ్లేలా సెలవు పెడతాను. వదినకు మాత్రం 8 అడుగుల 9 అంగుళాల వెడల్పులో వంటిల్లు ఎక్కడ పడుతుందో ఇంకా ఎవరూ నచ్చజెప్పలేకపోయారు.

అన్నయ్య డెక్కుమీద బద్ద పెట్టి కొలిస్తే మధ్యలో దాదాపు బొటనవేలి మందం సందు కనిపించింది. మాస్టు దింపి దూలం చూపించేదాకా డబ్బు మాట లేదని చెప్పాడు. అమ్మేవారు రెండు రోజులు పలకలేదు, మూడోరోజు క్రేన్ ఖర్చు సగం మేం పెట్టుకుంటే దింపుతామన్నారు. వచ్చే శనివారం దింపుతున్నారు.

జీడిమెట్ల_ఫైబర్

క్రేన్ ఖర్చు పెట్టుకోండి. దూలం పైన కప్పిన పలక కూడా తీయించి, ఫొటో ఇక్కడ పెట్టండి. తలుపు ఫొటో కూడా.

చిన్నలంగరు

శనివారం మనకు రాత్రి అవుతుంది. తాతయ్య గారు మేలుకొని ఉంటారా?

తార్నాక_తాతయ్య

ఉంటాను.